ఒక్క పుల్లతో రోజంతా

ఆగాదాదాష్‌ని కూర్చోబెట్టగలిగిన వస్తువు ఈ లోకంలో ఒక్కటే ఉంది, బస్సు స్టీరింగు. అది ఎదురుగా లేనప్పుడు ఆయన కూర్చోగా నేను చూడలేదు. టీ నిలబడే తాగుతాడు. మధ్యాహ్నం భోజనం బస్సు చుట్టూ తిరుగుతూ కానిస్తాడు, ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో జున్ను ముక్క. పరామర్శకి ఎవరింటికైనా వెళ్తే గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టేసుకుంటాడు. కాలుకాలిన పిల్లి అని నేను మొహం మీదే అంటాను. "పిల్లికి నాలుగు కాళ్ళు చెల్లీ, నాకు రెండే. అది తిరిగేదాంట్లో సగమే తిరుగుతున్నా" అంటాడు.

మా బాకూలో దాదాష్ అంటే అన్న. అందుకని ఆయన పూర్తి పేరు ఎవరికీ అక్కర్లేదు, చిన్నా పెద్దా అందరికీ దాదాషే. తొమ్మిదేళ్ళుగా ఆయన నడిపే చిన్న బస్సులో నేను గైడుని. పొద్దున తొమ్మిదికి పాత కోట గుమ్మం దగ్గర యాత్రికుల్ని ఎక్కించుకుంటాం. ముందు మండే కొండ, తర్వాత సురాఖానీ అగ్నిగుడి, మర్దకాన్‌లో భోజనం, అక్కడి పాత బురుజులు, సాయంత్రానికి మళ్ళీ కోట గుమ్మం. వారానికి ఐదు రోజులు ఇదే దారి. ఎక్కడ ఏం చెప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. లేపకపోయినా చెప్తున్నానని మా ఆయన గొడవ.

మార్చి నెల, రెండో వారం. ఆ పొద్దున నేను ఇంకా జుట్టు దువ్వుకుంటుండగానే ఫోను మోగింది. టూరు కంపెనీ నడిపే నుస్రత్. ముప్పై రెండేళ్ళ కుర్రాడు, నన్ను అక్కా అంటాడు గానీ పని చెప్పేటప్పుడు మాత్రం యజమానే.

"జర్నిగార్ అక్కా, మొన్న దాదాష్ బండి మళ్ళీ వెనక్కి తిప్పాడంట కదా."

"ఎవరు చెప్పారు?"

"గెస్టులు రాశారు. గుడికని బయల్దేరి, సగం దారిలోంచి మళ్ళీ మండే కొండకే తీసుకుపోయారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు, ముప్పావుగంట పోయింది అని. ఈ నెల్లో ఇది మూడోసారి."

"ఏదో మర్చిపోయుంటాడు."

"మూడుసార్లూ మర్చిపోయాడా? అక్కా, మా నాన్న దోస్తు కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నా. ఇవాళ సాయంత్రం ఆరింటికి మీకు ఫోన్ చేస్తా. తిప్పాడా లేదా, ఒక్క ముక్క చెప్పండి చాలు. తిప్పితే రేపట్నుంచి తాళాలు ఇంకొకళ్ళకి. ఆయనకి మాత్రం చెప్పకండి, చెప్తే ఇవాళొక్కరోజూ బుద్ధిగా ఉంటాడు."

"నన్నెందుకు మధ్యలో ఇరికిస్తావు?"

"మీరు అబద్ధం చెప్పరు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మంచి పేరు తెచ్చుకుంటే ఇలాంటి పనులకే వాడుకుంటారు. ఆయన్ని బస్సు నుంచి దింపేస్తే ఏమవుతాడో నాకు తెలుసు. రోజుకి ఎనిమిది గంటలు ఆ సీటు ఆయన్ని పట్టుకుని కూర్చోబెడుతోంది కాబట్టి మనిషి నిలిచాడు. అది కూడా లేకపోతే బాకూ వీధులన్నీ కొలుస్తూ ఎక్కడో పడిపోతాడు.

నా సంచిలో ఒక ఖాళీ గాజు సీసా ఉంది. రెండు రోజుల క్రితం ఆయన అక్క ఆగాబాజీ మా ఇంటికొచ్చి ఇచ్చిపోయింది. "వీడు దేన్నో చూసి దడుచుకున్నాడమ్మా. ముందు ఇలా ఉండేవాడు కాదు. కూర్చుని నర్దు పాచికలాట మొదలెడితే లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేది. పదకొండేళ్ళయింది, పెళ్ళాం పోయినప్పట్నుంచీ ఇంతే. నేను చెప్తే వినడు. మీ బస్సు రోజూ మర్దకాన్ వెళ్తుంది కదా, పీర్ హసన్ దర్గాలో ఈ సీసా ఒకటి కొట్టించు" అంది. దడుపు పట్టిన వాళ్ళ తలకి దగ్గరగా ఆ దర్గాలో సీసా పగలగొడతారు. ఆ చప్పుడుకి మనిషి ఉలిక్కిపడితే లోపలున్న దడుపు దిగిపోతుంది. నా పెద్ద కొడుకు కుక్కని చూసి దడుచుకున్నప్పుడు నేనూ కొట్టించాను, దిగింది. దాదాష్‌తో ఈ మాట ఎత్తడమెలా అన్నదే నాకు తోచలేదు. చమురు బావుల అగ్నిమాపక దళంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి నీకు దడుపు పట్టిందని ఎవరు చెప్తారు?

ఆ రోజు పదకొండు మంది గెస్టులు. ముందు సీట్లో సమర్కందు నుంచి వచ్చిన పెద్దావిడ, రిటైరైన లెక్కల టీచరు, ప్రశ్న వెనకే ఇంకో ప్రశ్న. ఉత్తరపు గాలి, మేం ఖజ్రీ అంటాం, పొద్దున్నించే మొదలైంది. బస్సు పక్కలకి ఊగుతోంది. దాదాష్ చేతులు మాత్రం స్టీరింగు మీద నిమ్మళంగా ఉన్నాయి. నేను ఆ చేతుల్నే చూస్తూ కొండ గురించి చెప్పుకుపోయాను.

మండే కొండ అంటే పెద్ద కొండేమీ కాదు. దిబ్బ అడుగున పది పన్నెండు గజాల మేర మంటలు నేలలోంచి లేస్తుంటాయి, వానొచ్చినా మంచొచ్చినా. గెస్టులు ముందు ఇంతేనా అంటారు, తర్వాత వేడి మొహానికి తగిలేసరికి నోరు మూసుకుంటారు. సమర్కందు పెద్దావిడ అడిగింది.

"దీన్ని ఎవరైనా ఆర్పడానికి చూశారా?"

"మేం మంటలు ఆర్పం అమ్మా" అన్నాను. ఇది నేను రోజూ చెప్పేదే. "ఎవరినైనా దీవించాలంటే నీ పొయ్యి ఆరకూడదు అంటాం. ఎంత కోపమొచ్చినా నీ పొయ్యి ఆరిపోను అని మాత్రం నోరు జారకూడదు. ఆ మాటకి తలకాయలు పగిలిన ఇళ్ళున్నాయి."

అందరూ నవ్వారు. దాదాష్ నవ్వలేదు. ఆయన అప్పటికే ఖానిమానా అత్త టీ దుకాణం దగ్గర ఉన్నాడు.

ఖానిమానా అత్తకి డెబ్భై దాటాయి. పొద్దున వస్తూనే ఒక్క అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగిస్తుంది, మళ్ళీ దుకాణం కట్టేసేదాకా అది ఆరదు. కెటిల్ దించినా, కుతాబు రొట్టెలు కాల్చడం అయిపోయినా మంట అలా నీలంగా మండుతూనే ఉంటుంది. మా ప్రాంతంలో పాత తరం వాళ్ళంతా ఇంతే. గ్యాసు దాదాపు ఊరికే వచ్చేది, అగ్గిపెట్టెకి మాత్రం దుకాణానికి పోవాలి. పుల్ల దాచుకున్న ఇల్లాలు పొదుపరి. ఇప్పుడు మీటర్లొచ్చి బిల్లులు వాచిపోతున్నా చేతికి అలవాటు పోలేదు. "ఒక్క పుల్లతో రోజంతా" అని ఖానిమానా గొప్పగా చెప్పుకుంటుంది.

దాదాష్ ఆ పొయ్యి ముందు నిలబడి వంగి చూశాడు. తిరిగి బస్సు దగ్గరికొచ్చాడు. తలుపు తీశాడు. మళ్ళీ దుకాణానికి వెళ్ళాడు. ఖానిమానా విసుక్కుంది.

"ఏంట్రా అబ్బాయ్, నా పొయ్యికి దిష్టి పెడుతున్నావు?"

"గాలెక్కువగా ఉందత్తా. తలుపు వేసుకో."

"తలుపేసుకుంటే టీ ఎవరు తాగుతారు, నువ్వా? నువ్వు నిలబడి ఒక్క గుక్కలో పోస్తావు."

మూడోసారి వెళ్ళబోతుంటే నేను చెయ్యి పట్టుకుని లాగి బస్సెక్కించాను. అలా లాగాల్సిన పని అదివరకు ఎప్పుడూ పడలేదు.

అక్కడి నుంచి సురాఖానీకి అరగంట దారి. పది నిమిషాలు గడిచాయి. నేను గుడి కథ మొదలెట్టాను, వెనకటి రోజుల్లో హిందుస్తాన్ నుంచి వర్తకులూ సన్యాసులూ నెలల తరబడి నడిచి ఎలా వచ్చేవారో చెప్తున్నాను. బస్సు నెమ్మదించింది. అద్దంలో దాదాష్ కళ్ళు కనిపించాయి, రోడ్డు మీద లేవు, వెనక్కి చూస్తున్నాయి.

"చెల్లీ" అన్నాడు చిన్న గొంతుతో. "మనం వచ్చేటప్పుడు మంట కనపడిందా నీకు?"

"ఏ మంట? కొండదా?"

"అత్త పొయ్యిది."

"కనపడింది."

"నువ్వు చూడలేదు. నువ్వు నన్ను లాగుతున్నావు."

ఎడమవైపు సిగ్నలు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం మొదలెట్టింది. మొన్న నేను సెలవులో ఉన్నాను, అంతకు ముందు రెండుసార్లూ డీజిలు అనో, పర్సు అనో ఏదో చెప్పాడు, నేను నమ్మాను. ఇంత చిన్న విషయానికా ఈయన పదకొండు మందిని వెనక్కి మోసుకుపోతున్నది?

మైకు ఆపేసి వంగి ఆయన చెవిలో చెప్పాను. "తిప్పకన్నా. ఇవాళ మాత్రం తిప్పకు." కారణం చెప్పొద్దని నుస్రత్ అన్నాడు. చెప్పేశాను. నుస్రత్ ఆరింటికి ఫోను చేస్తాడనీ, తాళాలు పోతాయనీ మొత్తం చెప్పేశాను. అబద్ధం చెప్పనని పేరుంది గానీ రహస్యం దాస్తానని ఎవరికీ మాటివ్వలేదు నేను.

ఆయన బస్సు పక్కకి తీసి ఆపాడు. గాలికి రోడ్డు మీద ఇసుక పాకుతోంది.

"ఫోన్ చెయ్యి అత్తకి" అన్నాడు.

చేశాను. "మండుతోందా అని అడుగుతున్నాడు అత్తా."

"మండక ఏడుస్తుందా? మండుతోంది" అని పెట్టేసింది.

"కుర్చీలోంచి లేవకుండా చెప్పింది" అన్నాడు దాదాష్. "లేచి చూసి చెప్పమను."

మళ్ళీ చేశాను. ఈసారి తిట్లు తిట్టి, లేచి చూసి, మండుతోందని చెప్పింది. వెనక సీట్లలోంచి గొణుగుడు మొదలైంది. సమర్కందు పెద్దావిడ ఇంజను పాడైందా అని అడిగింది. దాదాష్ సిగ్నలు తీసేసి బస్సు కదిలించాడు. నిమ్మళంగా ఉండే ఆ చేతులు సురాఖానీ చేరేదాకా స్టీరింగు మీద అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాయి, పట్టు దొరకనట్టు.

గుడిలో నా మనసు నిలవలేదు. ఐదు మూలల రాతి ప్రహరీ, లోపల చుట్టూ సన్యాసుల చిన్న చిన్న గదులు, గుమ్మాల మీద దేవనాగరి లిపిలో చెక్కిన రాళ్ళు. మామూలుగా ఒక్కో రాయి దగ్గరా ఆగి చదివి చెప్తాను, ఆ పని నాకిష్టం. ఎక్కడో గంగ ఒడ్డున పుట్టినవాడు మా ఊరొచ్చి, మా గాలికి ఓర్చుకుని, మా మంట ముందు కూర్చుని మొదట గణేశుడికి మొక్కి ఒక రాయి చెక్కించాడంటే నాకెప్పుడూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ రోజు రెండు రాళ్ళు చూపించి మూడో దాన్నుంచి పరుగే. చెవి బయటే ఉంది, బస్సు కదిలిన చప్పుడొస్తుందేమోనని.

"ఈ మంట కూడా ఎప్పుడూ ఆరలేదా?" అంది పెద్దావిడ, మధ్యలో నాలుగు స్తంభాల కింద మండుతున్న దాన్ని చూపించి.

"ఆరిందమ్మా. నేను పుట్టకముందే. నేలలో గ్యాసు అయిపోయింది. ఇప్పుడు గొట్టంలోంచి వస్తోంది."

ఈ జవాబుకి కొందరి మొహాలు మాడిపోతాయి. అయినా నేను దాచను. ఆవిడ మాత్రం తలూపి, "ఆరిందని ఒప్పుకున్నవాళ్ళే మళ్ళీ వెలిగిస్తారు" అంది. లెక్కల టీచర్లకి ఇలాంటివి తోస్తాయని నాకు తెలీదు.

బయటికి పరిగెత్తుకొచ్చి చూస్తే బస్సు ఉంది. దాదాష్ దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ గుడి లోపలికి ఒక్కసారీ అడుగుపెట్టలేదాయన. నా బూట్లు పెద్దవి, దేవుడికి నచ్చవు అనేవాడు.

మర్దకాన్‌లో గెస్టుల్ని భోజనానికి కూర్చోబెట్టాను. ఆకుకూర కుతాబులు, పుల్లటి పెరుగు, తర్వాత అంజీరు మురబ్బాతో టీ. కనీసం నలభై నిమిషాలు లేవరు. వీధికి అవతలే దర్గా. సంచిలోంచి సీసా తీసి దాదాష్ ముందు పెట్టాను.

ఆయన దాన్ని చూసి పగలబడి నవ్వాడు. "మా అక్క పంపిందా? చెల్లీ, ముప్పై ఏళ్ళు బావి పేలిన చోటల్లా ముందు నిలబడ్డవాణ్ణి. కనుబొమలు రెండుసార్లు కాలిపోయి మళ్ళీ మొలిచాయి. నాకు దడుపా?"

"లేకపోతే మంచిదే. సీసా పోయిందనుకుంటాం. వచ్చి కూర్చో."

"కూర్చుంటే ఏమిస్తావు?"

"ఏం కావాలి?"

"తిరుగు దారిలో ఒక్కసారి అత్త దుకాణం మీదుగా పోదాం."

చూద్దాం అన్నాను. చిన్నపిల్లలతో, మొండివాళ్ళతో బేరం పెట్టుకున్నప్పుడు నేనెప్పుడూ చూద్దాం అనే అంటాను.

లోపల వరసలో ఇద్దరు తల్లులు పిల్లలతో ఉన్నారు. ఒక్కో సీసా పగిలినప్పుడల్లా పిల్ల కెవ్వుమంటుంది, తల్లి ముద్దుపెట్టుకుని నవ్వుతూ తీసుకుపోతుంది. మా వంతొచ్చింది. సీసాలు కొట్టే ఆవిడ లావుపాటి మనిషి, నల్ల స్కార్ఫు, చేతులకి మందపాటి తొడుగులు. చిన్న ముక్కాలిపీట చూపించింది. దాదాష్ పీట అంచు మీద ఆనీ ఆననట్టు కూర్చున్నాడు. తల మీద తువ్వాలు కప్పింది.

"ఏం చూసి దడుచుకున్నావు?"

"ఏమీ చూడలేదమ్మా. ఈవిడ బలవంతం."

ఆవిడ వెనక్కి తిరిగినట్టే తిరిగి ఒక్కసారిగా సీసాని గోడ రాయికేసి కొట్టింది. నేను అడుగు దూరం ఎగిరాను. వరసలో ఉన్న పిల్ల ఏడుపందుకుంది. దాదాష్ కదల్లేదు. తువ్వాలు కొస కూడా కదల్లేదు.

ఆవిడ ఒక నిమిషం ఆయన్నే చూసింది. తన దగ్గరున్న సీసా ఇంకోటి తీసుకుని చెవి పక్కనే కొట్టింది. ఊహూ. ఆవిడ తొడుగులు తీసేసి తువ్వాలు ఎత్తింది.

"దడుచుకున్నవాడు ఉలిక్కిపడతాడు నాయనా. నీకు దడుపు లేదు. నువ్వేదో తప్పు చేశావు. దానికి నా దగ్గర సీసా లేదు. లే, పిల్లలున్నారు."

ఆయన లేచాడు. బయటికొచ్చి వీధి అంచున రాతిగట్టు మీద కూర్చున్నాడు. నిజంగా కూర్చున్నాడు, పూర్తి బరువుతో, చేతులు మోకాళ్ళ మధ్య వేలాడేసి. తొమ్మిదేళ్ళలో మొదటిసారి చూసిన ఆ దృశ్యానికి నేను సంతోషించి ఉండాలి, భయమేసింది. పక్కనే కూర్చున్నాను.

"గుల్‌సబాహ్‌ది షెకీ" అన్నాడు. గుల్‌సబాహ్ ఆయన పోయిన భార్య. "కొండల పిల్ల. కట్టెలకి అడవికి పోయే ఊరు. వాళ్ళకి మంట ఖరీదు తెలుసు. పెళ్ళై వచ్చిన మొదటి రోజు నించీ టీ కాచి పొయ్యి ఆర్పేసేది. మళ్ళీ కాచేటప్పుడు మళ్ళీ పుల్ల గీసేది. కాలిన పుల్లలు పారెయ్యకుండా పొయ్యి పక్కన టీ గ్లాసులో వేసేది. నేను డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఆ గ్లాసు తీసి లెక్కపెట్టేవాణ్ణి. ఇవాళ ఎనిమిది, అగ్గిపెట్టెలు పుట్టింటి నించి బండికెత్తి పంపారా, అని వెక్కిరించేవాణ్ణి. నవ్వేది. మానేది కాదు."

వీధిలో రొట్టెల బండి వెళ్ళింది. ఆయన అది దాటేదాకా ఆగాడు.

"ఒకరోజు చుట్టాల ముందు అనేశాను. రోజుకి పదిసార్లు నా పొయ్యి ఆర్పుతున్నావు, పదిసార్లు నా ఇంటిని శపిస్తున్నావు అని. నవ్వులాటకే అన్నా చెల్లీ. ఆవిడ నవ్వలేదు. మర్నాటి నించి గ్లాసు ఖాళీ. మా వాళ్ళందరిలాగే పొద్దున ఒక్క పుల్ల, అంతే. నాకెంత గొప్పగా అనిపించిందో. దారికొచ్చింది అనుకున్నా."

"తర్వాత?"

"చలికాలం. కిటికీలకి కాగితాలు అంటించేశాం. నేను రాత్రి డ్యూటీలో ఉన్నా. తెల్లారగట్ల గ్యాసు ఆగిందంట, కాసేపటికి మళ్ళీ వచ్చిందంట. మంట ఆరిన సంగతి గ్యాసుకి తెలీదు కదా, అది వస్తూనే ఉంటుంది. ఆవిడ పక్క గదిలో నిద్రపోతోంది. నేను పొద్దున తలుపు తీసేసరికి ఆ వాసన. ఊళ్ళో మిగతా మంటలన్నీ ఆర్పినవాణ్ణి, నా వంటింట్లో మంట ఆర్పనివ్వలేదు. అందరికీ గుండెపోటని చెప్పా. అక్కకి కూడా."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నీ తప్పు కాదు అనడానికి నోరు రాలేదు, ఎందుకంటే మా అమ్మ వంటింట్లో కూడా పగలూ రాత్రీ అలాగే మండేది, మేమూ గొప్పే అనుకున్నాం. మేం ఎందుకు బతికామో నాకు తెలీదు.

"ఈ గాలుల కాలం మొదలైనప్పట్నించీ అత్త పొయ్యి వదలట్లేదు నన్ను" అన్నాడు లేస్తూ. "పోదాం, గెస్టులు లేచినట్టున్నారు."

మళ్ళీ తిరగడం మొదలెట్టాడు.

బురుజులు చూపించాను. ఏం చెప్పానో గుర్తులేదు. నాలుగున్నరకి బయల్దేరాం. నగరానికీ, మండే కొండకీ దారులు చీలే కూడలి వస్తోంది. కుడికి తిరిగితే ఐదున్నరకల్లా కోట గుమ్మం, ఆరింటికి నుస్రత్‌కి తిప్పలేదు అని నిజమే చెప్పొచ్చు, తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. దాదాష్ పెదాలు బిగించి కుడి సిగ్నలు వేశాడు. నా కోసం వేశాడని తెలుస్తూనే ఉంది. మోకాలు మాత్రం స్టీరింగు కింద దడదడ కొట్టుకుంటోంది. ఇవాళ కుడికి తిరుగుతాడు. రేపు? ఎల్లుండి?

"ఎడమకి తిప్పన్నా" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. "నుస్రత్?"

"నుస్రత్‌కి నేను చెప్పుకుంటా. తిప్పు."

మైకు తీసుకుని గెస్టులకి చెప్పాను, పొద్దు వాలేటప్పుడు కొండ మంట ఇంకోలా ఉంటుంది, వచ్చినవాళ్ళందరూ చూడరు, మీకు చూపిస్తాను అని. అది నిజమే. అందరూ చప్పట్లు కొట్టారు. సమర్కందు పెద్దావిడ మాత్రం దాదాష్ మోకాలి వైపు చూస్తూ ఏమీ అడగలేదు.

దుకాణంలో పొయ్యి మండుతోంది. పైన కెటిల్ లేదు, ఏమీ లేదు, ఊరికే మండుతోంది. దాదాష్ దాని ముందు నిలబడ్డాడు. ఇదివరకైతే చూసి వెనక్కి వచ్చేసేవాడు, మళ్ళీ అరగంటకి అనుమానం పట్టుకునేది.

"ఆర్పు" అన్నాను.

"పరాయి పొయ్యి చెల్లీ."

"పోన్లే. ఆర్పన్నా."

చెయ్యి చాచాడు. మర తిప్పాడు. టప్‌మని మంట పోయింది. కొండ దగ్గర గెస్టుల మాటలు వినపడేంత నిశ్శబ్దం దుకాణంలో. ఖానిమానా అత్త కుర్చీలోంచి లేచింది.

"ఎవడ్రా నా పొయ్యి ఆర్పింది? ఒరే నీ పొయ్యి" అని, అక్కడ నాలుక కరుచుకుని ఆగిపోయింది.

"అను అత్తా. నాదెప్పుడో ఆరింది" అన్నాడు దాదాష్. జేబులోంచి అగ్గిపెట్టె తీసి అలమారలో పెట్టాడు. ఆ జేబులో ఆ అగ్గిపెట్టె ఎన్నాళ్ళుగా ఉందో నాకు తెలీదు, మూలలు నలిగిపోయి ఉంది. "టీ పెట్టినప్పుడు వెలిగించు. అవ్వగానే ఆర్పు. పుల్లలు అయిపోతే నేను తెస్తా. నేను లేకపోతే ఈవిడ తెస్తుంది."

"వీడికి పిచ్చి పట్టింది" అంది అత్త నాతో, కానీ గొంతు తగ్గించి. తిరిగి వెలిగించలేదు.

సరిగ్గా ఆరింటికి, మేం ఇంకా దారిలో ఉండగా, ఫోను మోగింది. దాదాష్‌కి వినపడేలాగే మాట్లాడాను.

"తిప్పాడా అక్కా?"

"తిప్పాడు. నేనే తిప్పమన్నాను."

"మీరెందుకు తిప్పమన్నారు?"

"ఆరిందో లేదో అని ఇక మళ్ళీ చూడక్కర్లేకుండా."

"నాకర్థం కాలేదు. కానీ మాట మాటే అక్కా. తాళాలు రేపు పొద్దున ఆఫీసులో ఇమ్మనండి."

దాదాష్ తలూపాడు. కోపగించుకోలేదు. నేను మాత్రం ఆ వారమంతా నుస్రత్‌తో మాట్లాడలేదు, తర్వాతి వారం మాట్లాడక తప్పలేదు. కొత్త డ్రైవరు మూట దింపినట్టు కూర్చుంటాడు, బస్సు దిగడు, ఒక్క మాట ఆడడు. నాకు ఊపిరాడదు.

పదిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం దాదాష్ ఇంటికి వెళ్ళాను. ఆయనే రమ్మన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం మొదటిసారి. వంటింట్లో నన్ను కూర్చోబెట్టి టీ పెట్టాడు. రెండు పుల్లలు విరిగి మూడోది వెలిగింది. టీ కాగాక పొయ్యి మర తిప్పేసి, కాలిన పుల్లని పక్కనున్న గ్లాసులో వేశాడు. గ్లాసు సగానికి పైగా నిండి ఉంది.

వేరే గ్లాసుల్లో టీ పోసి, నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. నిమ్మకాయ ముక్క వేసుకున్నాడు. బయట ఖజ్రీ కిటికీ రెక్కని కొడుతోంది, ఆ రెక్క బార్లా తెరిచే ఉంది. నర్దు బోర్డు తుడిచి పెట్టుకున్నాడు, ఆడదామా అన్నాడు. ఆయన ఆర్పడం చూసినా, పావులు సర్దుతుండగా నాకే ఉండబట్టలేదు.

"అన్నా, పొయ్యి ఆర్పావా?"

"ఆర్పా" అన్నాడు తలెత్తకుండా.

నేనే లేచి పొయ్యి దాకా వెళ్ళి చూసొచ్చాను.